ఎండ చూడగూడని సీస

మా పోచంపల్లోడు ఎవడన్న పాలమూరు పోవాల్నంటే హైదరాబాద్ మీదికెల్లి పోతడు. పొద్దుగాల బస్సెక్కితే పగటన్నం పాలమూరుల తినొచ్చు. నేను రెండు రోజులు పట్టిచ్చుకొని రామన్నపేట, కట్టంగూరు, నల్లగొండ, దేవరకొండ అన్నీ చుట్టుకుంట పోయిన. సంకల ఒక సంచి, సంచిల ఒక సీస. ఆ సీస ఎండ చూడొద్దు. నేనేమో ఏ రంగునైనా ఎండల వెట్టి చూడందే నమ్మనోణ్ణి. ఇగ ఆ ప్రయాణం ఎట్ల నడిచి ఉంటదో మీరే ఊహించుకోండ్రి.

ముందుగాల మా సడ్డకుడు నరేందర్ గురించి చెప్పాలె. సడ్డకుడంటే పెండ్లాం చెల్లె మొగడు, కొన్ని దిక్కుల తోడల్లుడంటరు. నేను పెద్దల్లుణ్ణి, వాడు చిన్నల్లుడు. నేను ఏడో తరగతిల బడి ఇడిసిపెట్టి రంగు బానల చేతులు పెట్టిన. మా చీరెల నూలును రబ్బరు ముక్కలతోని కట్టి ముంచుతం, విప్పి మళ్ళ కట్టి ఇంకో రంగుల ముంచుతం. దాన్ని చిటికి అంటం. మా వాడకట్టుల రంగు కలపాల్నంటే ఈ యాదగిరే కలపాలె. ఇంత పేరున్నా అత్తగారింట్ల నేను "పెద్దాయన"ను, అంతే. వాడు మాత్రం "మా నరేందర్". పాలమూరుల ఒక యూనివర్సిటీల కెమిస్ట్రీల పీహెచ్‌డీ చేస్తడు. నా చేతులు మోచేతుల దాక ఏదో ఒక రంగుల ఉంటయి. వాని చేతులకు తెల్లటి గ్లౌజులుంటయి. మా అత్తమ్మ ఆ గ్లౌజుల ఫోటో ఫోన్ల పెట్టుకొని వచ్చినోళ్ళకు పోయినోళ్ళకు చూపిస్తది.

ఒకసారి మరదలి బిడ్డ తొట్టెల దినం పంక్తిల పక్కపక్కన కూసున్నం. ఉండవట్టలేక అడిగిన.

"అసలు నువ్వు చేసేదేంది తమ్మీ?"

"మిషన్లు చేస్తనన్నా. కంటికి కానరానియి. రెండు కడియాలు ఒకదాంట్ల ఒకటి ఇరికి ఉన్నయనుకో. నడుమ రుథేనియం అని ఒక లోహం కూసుండి రెండింటినీ కదలకుండ పట్టుకుంటది. వెలుగు పడంగనే ఒక కడియాన్ని ఇడిసిపెడుతది. అది గిర్రున పక్కకు తిరుగుతది. కరెంటు లేదు, పెట్రోలు లేదు, వెలుగుతోనే నడుస్తది."

"ఎంతుంటయి ఆ కడియాలు?"

"నీ తలవెంట్రుక మందంల వేలకు వేలు పడతయి."

"నా తల మీద వెంట్రుకలు యాడ మిగిలినయి తమ్మీ, వేరే లెక్క చెప్పు."

వాడు నవ్వి, "ఇగ ఆ కడియం మళ్ళ దగ్గరికి రావాల్నంటే" అని ఇంకేదో చెప్పబోయిండు. గప్పుడే బోటి కూర వచ్చింది. అత్తమ్మ వాని ఇస్తార్ల రెండు గంటెలేసి, నా కాడికి వచ్చేసరికి గిన్నె వంచి చూసుకున్నది. ఇగ నా చెవులకు ఏమీ ఇనరాలే.

నా మగ్గం చప్పుడు వాడకట్టంత ఇనవడ్తది, ఎవ్వడూ తలెత్తి చూడడు. వాని మిషన్ కంటికే కానరాదు, ఇంటిల్లిపాది నోరు తెరుచుకొని చూస్తరు. ఇది నా బాధ. ఇగ ప్రయాణంలకు పోదాం.

రామన్నపేట

అత్తమ్మకు కన్ను ఆపరేషన్ అయితే నరేందర్ చూడనీకి వచ్చిండు. వచ్చేటప్పుడు హైదరాబాద్‌ల ఏదో పెద్ద మిషన్ల కొలిపిచ్చిన సీసను అత్తగారింట్ల ఫ్రిజ్జుల వెట్టిండు. పోయేటప్పుడు మరిచిపోయిండు. అదే నేను పెరుగు గిన్నె మరిచిపోతే తెలివిలేనోణ్ణి. వాడు మరిచిపోతే "పాపం, ఎన్ని పనుల మీదున్నడో".

మంగళవారం పొద్దున ఫోన్ చేసిండు. "అన్నా, బేస్తవారం నా వైవా. బయటి నుంచి పెద్ద మేడం వస్తది. ఆమె ముందల ఆ సీస చూపియ్యాలె. అది చెయ్యనీకి ఎనిమిది నెలలు పట్టింది. ఇంకొకటి లేదు. అది లేకపోతే నా పీహెచ్‌డీ ఆగిపోతది. నేను ఇక్కడికెల్లి కదిలేటట్టు లేదు."

నల్లగొండల ఒక చీరెల దుకాణపాయనకు నమూనాలు చూపిచ్చే పని నాకు ఎట్లాగు ఉండె. అటు మీదికెల్లి పోత అన్న. అన్నంక మనసుల ఏమనుకున్ననో తెలుసా? వానికి నాతోని పని వడ్డది గదా అని మస్తు ఖుషి అయిన.

రామన్నపేటల అత్తమ్మ నల్ల అద్దాలు పెట్టుకొని ఫ్రిజ్జు కాడ కావలి కూసున్నది. సీస నా అరచేయంత ఉంటది. దానికి వెండి కాయితం, దాని మీద నల్ల కాయితం, దాని మీద టేపు.

"ఇప్పొద్దు. ఎండల వెట్టొద్దు. కుదపొద్దు," అన్నది అత్తమ్మ.

"చంటిపిల్లను గూడ ఇంత చెప్పి ఇయ్యరు అత్తమ్మా."

"చంటిపిల్లనైతే నీకు ఇస్తుంటినా?"

తపాల చెక్కలు చేసింది. తెల్వనోళ్ళకు చెప్తున్న, బియ్యప్పిండిల పల్లీలు, నువ్వులు, ఉల్లాకు కలిపి తపాలకు లోపట అద్ది కాలుస్తరు. మా పోచంపల్లిల పల్సగ చేస్తరు, రామన్నపేటల మందంగ చేస్తరు. ఇరగకుండ వచ్చిన ఆరు నరేందర్‌కని డబ్బల వెట్టింది. ఇరిగినయి నా ముందల వెట్టి, "తిను అల్లుడా, ఏదైతేంది కడుపులకే గదా" అన్నది. మరి నరేందర్ కడుపేమన్న అద్దాల బీరువానా? మనసుల్నే అనుకున్న.

కట్టంగూరు

నార్కట్‌పల్లిల దిగి బస్సు మారాలె. కడుపు నిండ తపాల చెక్కలు, కిటికీ పక్క సీటు. కన్ను మలిగింది. తెరిచేసరికి కండక్టర్, "కట్టంగూరు, కట్టంగూరు" అని బస్సు రేకును కొడుతున్నడు. టికెట్టు లేని దూరానికి ఇరవై రూపాయలు ఎక్కువ తీసుకొని రోడ్డు మీద దించిండు.

మిట్టమధ్యాహ్నం. నల్లగొండ బస్సుకు గంట ఉన్నదన్నరు. పక్కన ఒక చిన్న గోడ, గోడ నీడల ఒక అవ్వ, అవ్వ చుట్టూ పాతిక ముప్పై మేకలు, గొర్లు. పేరు మల్లమ్మ. మా దిక్కు ఎవరినన్న కొత్తగ కలిస్తే ముందు ఊరు అడుగుతరు. ఆమె ముందు "తిన్నవా?" అని అడిగింది. తిన్న అన్నా ఇనకుండ టిఫిన్ డబ్బ మూతల జొన్న గటక, దాని మీద పచ్చిపులుసు పోసి ఇచ్చింది. అసుంటి చల్లటి కూడు మా ఇంట్ల ఎండకాలం గూడ దొరకదు. మేకపోతు ధర అడిగితే పదమూడు వేలన్నది. "కొంటవా, ఊకెనే అడుగుతవా?" అన్నది. ఊకెనే అన్న.

"సంచిల ఏంది, గంత భద్రంగ పట్టుకున్నవ్? కల్లా?"

"కల్లయితే ఇంత సేపు ఉంచుతనా అవ్వా. రంగు నీళ్ళు. మా సడ్డకునియి."

అనంగనే నాకే మనసుల పురుగు మెసిలింది. అది ఏం రంగు? ఎనిమిది నెలలు పట్టిన రంగు ఎట్లుంటది? మా పనిల ఒక పద్ధతుంది. రంగును ఇంట్ల చూసి ఎవ్వడూ చెప్పడు. బల్బు కింద ఎర్రగున్నది ఎండల ఇటుక రంగైతది. ఏ నూలు లడినైనా బయటికి తెచ్చి, ఎండకు పట్టి, కన్ను చికిలిచ్చి చూస్తెనే ఒప్పుకుంటం. మా నాయిన గట్లనే చూసేటోడు, నేను గట్లనే నేర్సుకున్న. నా చేతులు నన్ను అడగకుండనే టేపు ఇప్పినయి. నల్ల కాయితం, వెండి కాయితం ఉండజుట్టి గోడ మీద వెట్టిన. సీస మూత మాత్రం తియ్యలే. ఎండకు పట్టిన.

అయ్యో, ఏం రంగది! మోదుగు పూవు చెట్టు మీద ఉన్నప్పటి రంగు. తెంపినంక వచ్చే రంగు గాదు. నేను ఆ రంగు కోసం ఎన్ని బానలు పారవోసిన్నో నాకే తెలుసు. సంచిలకెల్లి నా నూలు లడి తీసి పక్కన పెట్టి చూసుకున్న. నాది వాని రంగు ముందల కడిగిన ఇటుక లెక్క కొట్టింది. ఇది గూడ వానికే రావాల్నా? చదువు వానికే, ఇరగని చెక్కలు వానికే, ఆఖరికి నా సొంత పనిల మంచి రంగు గూడ వానికేనా?

అంతల మల్లమ్మ మొత్తుకున్నది. "అరెరె, నా మేక ఏమో మింగుతాంది!"

తిరిగి చూస్తే నల్ల మేక ఒకటి నరేందర్ కాయితాలను నములుకుంట పోతాంది. సీసను గోడ మీద వెట్టి ఎనుక ఉరికిన. మేకలకు రోడ్డు, చేను తేడా లేదు. పత్తి చేన్లకు ఉరికింది, నేను ఉరికిన. కాలువ దునికింది, నేను పడ్డ. ఆఖరికి చెవు దొరకవట్టి నోట్లకెల్లి గుంజితే గోరంత వెండి కాయితం దొరికింది.

రొప్పుకుంట వచ్చేసరికి అరగంట అయ్యుంటది. గోడ మీద సీస ఉన్నది. దాంట్ల మోదుగు పూవు లేదు. నేరేడు పండు ఉన్నది. ఊదా. అంచుకు మాత్రం జర ఎరుపు, అది గూడ చూస్తుంటనే పోయింది.

"ఏంది కొడుకా, మంత్రమా?" అన్నది మల్లమ్మ.

"మంత్రం గాదవ్వా. మా సడ్డకుని కొంప."

"నీ సడ్డకుని సంగతి తర్వాత. గా కాయితం తిని నా మేకకేమన్న అయితేనో?"

మేకకేం గాలే. నాకన్న మంచిగ నడుచుకుంట నీడకు పోయి పండింది. నేను తువ్వాల నాలుగు మడతలేసి సీసను చుట్టి, దొంగసొమ్ము లెక్క బస్సెక్కిన.

నల్లగొండ

నల్లగొండల చాయ పది రూపాయలు, గ్లాసు మాత్రం మా గ్లాసుల సగం. లాడ్జి ఆరు వందలన్నడు, నాలుగు వందల యాభైకి ఒప్పుకున్నడు. చీరెల దుకాణపాయన నమూనాలు చూసి "రంగులు బాగున్నయి, పోకుండ ఉంటయా?" అన్నడు. ప్రతి దుకాణంల గిదే అడుగుతరు, ఉంటయా అని. ఉంటయన్న. నా మనసంత సంచిల ఉన్నది.

నల్ల కాయితం కోసం తిరిగితే గడియారం చౌరస్తా దిక్కున ఒక పాత ఫోటో స్టూడియో దొరికింది. యజమాని ముసలాయన, తెల్లటి మీసం. ఒక అల్మరా ఎనుకకెల్లి దుమ్ము కొట్టుకున్న నల్ల కవర్ల కట్ట తీసిండు. కెమెరా రీళ్ళు ఉన్నప్పటివట.

"ఇది అడిగి ఎన్నేండ్లయిందో. ఏం దాస్తున్నరు?"

చెప్పిన. వెలుగు తగులుతె మారే రంగు అని.

"తగిలిందా?"

"అరగంట."

ముసలాయన నా దిక్కు గుండె జబ్బోని దిక్కు డాక్టరు చూసినట్టు చూసిండు. "మాది గూడ గంతే. రీలుల వెండి ఉప్పు ఉంటది. ఒక్క క్షణం వెలుగు వడ్డా పోయినట్టే. ఒకసారి నేను ఒక పెండ్లి రీలు మొత్తం తెరిచిన. ఆ పిల్ల తండ్రి కాళ్ళు పట్టుకున్న. మళ్ళ పెండ్లి చెయ్యమనలేను గదా. వెలుగు చూసిన వెండి ఎనుకకు రాదు." కవరుకు పైసలు తీసుకోలే. సంతాపం అనుకున్నడో ఏమో.

బయట ఒక చాయ పట్టుకొని బెంచీ మీద కూసున్న. ఇక్కడ ఒక మాట నిజంగ రాయాలె. సీస ఖరాబైందని తేలంగనే నాకు ముందు వచ్చింది భయం గాదు. ముందు సంతోషం వచ్చింది. డాక్టర్ నరేందర్ గాడు. నాలెక్కనే వట్టి నరేందర్ అయితడు. అత్తమ్మ ఫోన్ల గ్లౌజుల ఫోటో కిందికి పోతది. రేపటి నుంచి ఇద్దరం సమానం. చాయ చివరి గుక్క దాక గా సంతోషం ఉండె. గ్లాసు పెట్టంగనే నరేందర్ ఫోన్.

"అన్నా, తిన్నవా? సీస మంచిగున్నదా?"

"మస్తుగున్నది తమ్మీ."

"నువ్వు తెస్తున్నవని నాకు ఫికర్ లేదన్నా. వేరేటోళ్ళ చేతికైతే ఇయ్యకపోతుంటి."

ఆ మాటతోని చాయ ఇషమైంది.

దేవరకొండ దాటినంక

దేవరకొండ దాటినంక భూమి మారుతది. మా దిక్కు వరి, కాలువ. ఇటు రాళ్ళ గుట్టలు, ఆముదం, పల్లి. గాలి ఎండు గడ్డి వాసన. బస్సుల నా పక్కన ఒక ఆమె సీతాఫలాల గంపతోని ఎక్కింది, పేరు ఈరమ్మ. ఒక పండు ఇరిచి సగం నాకిచ్చింది. మా పోచంపల్లిల పెద్ద పండు ఒకటి ఇరవై అంటరు. ఈమె డజను అరవైకి ఇస్తది, అదీ అలిగితే యాభై.

ఎనుక సీట్ల ఇంకో గంప, దాని పక్కన ఇంకో ఆమె. ఈరమ్మ చిన్నగ చెప్పింది. "నా తోటికోడలు. ఇద్దరియి ఒకే చెట్ల పండ్లు. ఒకే జాగల కూసుంటం. దాని గంప పది గంటలకల్లనే ఖాళీ. నాది చీకటి పడేదాక ఉంటది. ఎందుకో మరి, దాని మొకం చూసి కొంటరు."

నాకు పానం లేచి వచ్చింది. ఎవరో నా సొంత మనిషి దొరికినట్టయింది. "మరి నీకు కడుపు మండదా అక్కా?"

"మండకుంటెట్ల? మండుతది."

"ఏం చేస్తవ్ మరి?"

"ఏం చేస్త? కల్వకుర్తిల దిగంగనే దాని గంప దాని నెత్తి మీదికి నేనే ఎత్తుత. ఎత్తకుంటే ఒక్కతి ఎట్ల లేపుతది?"

కల్వకుర్తిల గట్లనే ఎత్తింది. మళ్ళ తన గంపను తోటికోడలు ఎత్తింది. దేనికో మాటల పడి తిట్టుకుంటనే ఎత్తుకున్నరు. నేను కిటికీలకెల్లి చూసుకుంట కూసున్న.

పాలమూరు, సాయంత్రం

నరేందర్ యూనివర్సిటీ గేటు కాడ నిలవడ్డడు. రెండు రోజులకే చెంపలు లోపటికి పోయినయి. ల్యాబుల సీస మీది కవరు నేనే తీసిన. ఊదా రంగు చూసి కుర్చీల కూలవడ్డడు.

దారి పొడుగున ఒక మాట తయారు చేసుకున్న. "మేక చేసింది తమ్మీ. సంచిలకెల్లి కాయితం గుంజి తిన్నది." అదే చెప్పిన. సగం నిజమే గదా. తిన్నది మేకనే.

వాడు తిట్టలే. అదే నాకు పెద్ద కోపం. తిడితే నేను గూడ ఒకటి అంటుంటి. పుస్తకం తీసి అడుగుడు షురూ చేసిండు. ఎండ ఎన్ని గంటలది? ఎంతసేపు? మూత తీసినవా? ఊదా ఒక్కసారే వచ్చిందా, నడుమ వేరే రంగు వచ్చిందా?

"నేను మేక ఎనుక ఉన్న తమ్మీ. గని అంచుకు ఇంక జర ఎరుపు ఉన్నప్పుడే చూసిన. దానిమ్మ గింజ మీద పొర లెక్క. తర్వాత అది గూడ పోయింది."

వాడు అది రాసుకున్నడు. "మూత తియ్యలేదంటే బతికినన్నా. కడియం దారి తప్పింది, ఎటూ పారిపోలే. సీసల ఉప్పు కలిపి ఉంటది. వెలుగుకు లోహం కడియాన్ని ఇడిసి ఉప్పుల క్లోరిన్‌ను పట్టుకున్నది, అందుకే ఊదా. చీకట్ల వేడి చేస్తే క్లోరిన్‌ను ఇడిసి మళ్ళ కడియాన్నే పట్టుకుంటది. ఆ దినం తొట్టెల కాడ నీకు చెప్పిన గదా."

చెప్పిండు. గప్పుడు నేను బోటి కూరల ఉన్న.

వేడి నూనె గిన్నెల సీసను దించి, మీద వెండి కాయితం కప్పిండు. గదిల దీపాలు ఆర్పి ఒక ఎర్ర బల్బు ఏసిండు. ఎర్ర వెలుగుకు ఆ కడియాలు కదలవట. రంగులు కొలిచే మిషన్ ఖరాబై వారమైందన్నడు. అందుకే నడుమ నడుమ ఒక్క రెప్పపాటు తెల్ల దీపం పెట్టి కంటితోనే చూడాలె. పోల్చుకోనీకి చిన్న గొట్టంల నాలుగు చుక్కల పాత రంగు ఉన్నది, వెలుగు అసలే చూడనిది.

"అయ్యిందంటవా అన్నా?"

"కాలే. ఊదా ఇంక అడుగున ఉన్నది."

మళ్ళ దించిండు. మళ్ళ తీసిండు. కాలే అన్న. నాలుగోసారి తీసినప్పుడు మోదుగు పూవు వచ్చింది.

ఇన్ని దినాలు నేను కుళ్ళుకున్నది వాని కుర్చీ మీద, గ్లౌజుల మీద అనుకున్న. అవేమీ కావు. నా బతుకంత ఎండ గుంజుకున్న రంగు ఒక్కటి తిరిగి రాలే. ఒకసారి దుకాణపు అద్దంల వెట్టిన నా చీరెలు పన్నెండు వెలిసిపోతే వాపస్ పంపిండ్రు. మా అమ్మ ఆ చీరెలను మడతవెట్టి దాచింది, చీకట్ల ఉంటే రంగు మళ్ళ వస్తదేమో అని. రాలే. వీనికి మాత్రం ఎండకు పోయిన రంగు గంటన్నరల తిరిగొచ్చింది. ఇంతకన్న పెద్ద ఆస్తి ఏముంటది? మీరైతే కుళ్ళుకోరా?

డబ్బల తపాల చెక్కలు తీసి వాడు నాకు నాలుగు పెట్టి, వాడు రెండు తిన్నడు. అది గూడ నాకు నచ్చలే.

పాలమూరు, తెల్లారి

వైవాకు ఎవరైనా వచ్చి కూసోవచ్చట. నేను ఆఖరి వరుసల కూసున్న. ముందల సార్లు, నడుమ పిల్లలు. బయటి నుంచి వచ్చిన మేడం సన్నగుంటది, కండ్లద్దాలు ముక్కు చివరకు ఉంటయి. మాటలన్నీ ఇంగ్లీషు. నాకు "లైట్" అనేది ఒక్కటి తెలిసింది, అది గూడ మా ఇంట్ల పోతది కాబట్టి.

నరేందర్ సీస మీద నీలం దీపం ఏసిండు. మోదుగు పూవు నేరేడు అయింది. అందరూ మెడలు సాచిండ్రు. గంటన్నర నూనెల వెట్టి, అందరూ పగటన్నం తిని వచ్చేసరికి మళ్ళ మోదుగు పూవు అయింది. చప్పట్లు కొట్టిండ్రు. నేను గూడ కొట్టిన, చిన్నగ.

మేడం లేచి, సీసల చుక్కలు, గొట్టంల చుక్కలు రెండు తెల్ల పింగాణీ గిన్నెలల వేయించి కిటికీ కాడ పెట్టింది. అద్దాలు తీసి చూసింది, పెట్టి చూసింది. నరేందర్‌ను ఏదో అడిగింది. వాడు ఏదో అన్నడు. ఆమె తల అడ్డంగ ఊపింది. సార్లందరూ ఒకరెనుక ఒకరు వంగి చూసి "సేమ్, సేమ్" అన్నరు. సేమ్ నాకు తెలుసు. రెండూ ఒకటే అంటున్నరు.

ఒకటి గాదు. ఆఖరి వరుసల్నుంచి గూడ నాకు కొడుతున్నది.

నరేందర్ మొకం పాలిపోయింది, చెమట కారుతున్నది. నేను ఏమనుకున్ననంటే, వీడు రంగు మొత్తం తిరిగొచ్చిందని అబద్ధం ఆడుతున్నడు, సార్లు వంత పాడుతున్నరు. ఇంతకన్న మంచి మోక నాకు మళ్ళ రాదు. ఒక్క నిజం చాలు, ఇంతమందిల వీని గాలి తీయనీకి. మేకను సాకు చూపాల్సిన పని గూడ లేదు.

లేచి నిలవడ్డ. "కాదు మేడం. రెండు ఒకటి కావు."

అందరూ తిరిగిండ్రు. మేడం తెలుగుల అడిగింది. "మీరెవరండీ?"

"పోచంపల్లిల రంగులద్దుత. సీస తెచ్చింది నేనే."

"తేడా ఏముంది?"

"కుడి చేతి దాంట్ల జర మబ్బు ఉన్నది. రూపాయిల రెండణాల రంగు పోయింది."

నన్ను గోడ దిక్కు తిరగమన్నది. గిన్నెలు అటూ ఇటూ మార్చింది. తిరిగి చూసి చెప్పిన. మళ్ళ మార్చింది, మళ్ళ చెప్పిన. మూడోసారి రెండు గిన్నెలల ఒకటే రంగు పోసింది. "ఇవి రెండూ ఒకటే, మేడం. నన్ను పరేషాన్ చేస్తున్నరు" అన్న. పిల్లలు నవ్విండ్రు, మేడం గూడ నవ్వింది.

అప్పుడు మేడం నరేందర్ థీసిస్ పుస్తకం తెరిచి ఒక పుట చూపిచ్చింది. "ఒక్కసారి పోయి వస్తే అణా అంత పోతుందని రాశావు. ఈయన రెండణాలంటున్నాడు."

నరేందర్ ముందుకు వచ్చిండు. "ఇది రెండోసారి మేడం. మొన్న కట్టంగూరుల ఎండ తగిలి ఒకసారి పోయింది. రాత్రి మళ్ళ వేడి చేసినం. అది గూడ కలిపితే సరిగ్గ రెండణాలే." అని మేక కథ చెప్పిండు. వాడు చెప్పిన కథల నేను మేకతోని కొట్లాడి సీసను కాపాడిన.

మేడం పెన్ను తీసి సంతకం పెట్టింది.

ముందు వరుసల సారు ఒకాయన వచ్చి నా భుజం చరిచి అసలు సంగతి చెప్పిండు. మేడం అనుమానం వేరట. పుస్తకంల ప్రతిసారి కొంత రంగు తగ్గుతదని రాసి ఉన్నది, కంటికి చూస్తే తగ్గినట్టు లేదు, ఈ లెక్కలు ఎక్కడికెల్లి పుట్టిచ్చినవని నిలదీసిందట. కొలిచే మిషన్ ఖరాబు. ఎవ్వరూ తేడా పట్టలేకపోయిండ్రు. ఇంకో ఆరు నెలలు పని చేసి రా అని పంపబోతున్నదట. "నువ్వు లేచి చెప్పకపోతే మునిగిపోతుండె," అన్నడు సారు.

నేను కూసున్న.

డాక్టర్ నరేందర్ పూలదండతోనే వచ్చి నన్ను కౌగిలిచ్చుకున్నడు. కండ్లల్ల నీళ్ళు. "అన్నా, అందరు సార్లు ఒకటంటుంటే నాకోసం ఒక్కనివి నిలవడ్డవు." నేను "ఏముంది తమ్మీ" అన్న. అప్పుడే అత్తమ్మకు ఫోన్ కలిపి, నేను ఇనాలె అని స్పీకర్ వెట్టిండు. "అత్తమ్మా, ఇయ్యాల నాకు పీహెచ్‌డీ వచ్చిందంటే అన్న వల్లనే."

అటు దిక్కుకెల్లి అత్తమ్మ గొంతు మెత్తగ వచ్చింది. "మా యాదగిరి గంతే నాయినా. పైకి ఎన్ని ఎకసెక్కాలాడినా, మనసుల ఏం పెట్టుకోడు."

పెండ్లయిన కాన్నుంచి ఆ నోట్లకెల్లి నా పేరుతోని ఒక్క మంచి మాట కోసం చూసిన. ఆఖరికి వచ్చింది, అదీ నేను వాని కాలు గుంజనీకి లేచిన దినం. "ఏమంటవు అల్లుడా, ఇంటున్నవా?" అన్నది. ఇంటున్న అత్తమ్మా అన్న.